మైసన్న పంది వలలు

కొర్రెపల్లిలో అడవిపంది జాడ చూసి దాని వయసు చెప్పగలిగినవాడు మైసన్న ఒక్కడే. తడిమట్టిలో గిట్ట ఎంత లోతు దిగిందో చూసేవాడు. పోతూ పోతూ ఏ చెట్టుకు ఒళ్లు రుద్దుకుందో, ఆ మానుకు అంటిన బురద తన మోకాలి దాకా వచ్చిందో, తొడ దాకా వచ్చిందో నిలబడి కొలుచుకునేవాడు. ఆ తర్వాత "ఇది పిల్లలతల్లి, దీని జోలికి పోవద్దు" అనో, "ఇది ఒంటిగాడు, బల్లేలు తియ్యిండ్రి" అనో తేల్చేవాడు. ఆ మాటకు ఊళ్లో ఎదురు లేదు.

ఎల్లారెడ్డికి పడమట నాలుగు కోసుల దూరంలో, అడవి అంచున, నలభై గడపల ఊరది. చేలకూ అడవికీ మధ్య ఒక వాగు మాత్రమే అడ్డం. మక్కలు పాలు పోసుకునే వేళకు పందులు ఆ వాగు దాటేవి. గుంపు చేలో పడిందంటే తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. అందుకే మైసన్న తండ్రి సాయన్న నాటి నుంచీ ఆ ఇంటికి వలలే ఆస్తి. మొత్తం పన్నెండు. జనపనార తాడు పేని, అల్లి, తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో నానబెట్టినవి. సగం సాయన్న చేతివి. పెళ్లయి వచ్చాక సాలవ్వ కూడా అల్లిక నేర్చింది. ఆమె వేసిన ముడి ఏనుగు లాగినా ఊడదని మైసన్న అందరితో చెప్పుకునేవాడు.

వేట పగటిపూటే సాగేది. రెండు గుట్టల నడుమ సందులో చిన్న చిన్న కర్రల మీద వల నిలబెట్టి, కొసలు చెట్ల మొదళ్లకు బిగించేవాడు. అవతలి నుంచి ఊరివాళ్లు డప్పులు కొట్టుకుంటూ అదిలిస్తే, పంది ఉరికొచ్చి వలకు తగిలేది. కర్రలు పడి వల దాని మీదే కూలేది. ఎంత గింజుకుంటే అంత చుట్టుకునేది. ఇక బల్లెంతో ఒక్క పోటు. మాంసం ఇంటింటికీ పోగులు వేసేవారు. పంట ఇంటికొచ్చే నాడు మైసన్నకు ప్రతి కల్లంలో చాటెడు జొన్నలు దక్కేవి. పెద్ద బతుకేమీ కాదు గానీ, ఎవరి ముందూ తల వంచనక్కరలేని బతుకు.

అదంతా దొరకు షికారు మోజు పుట్టనంతవరకే.

కొర్రెపల్లితో పాటు చుట్టూ నాలుగు ఊళ్లు దొరవే. వెయ్యి తొమ్మిదివందల ముప్పై అయిదు చలికాలంలో ఆయన కోటలాంటి గడికి పట్నం నుంచి పెద్ద హోదా గల మనుషులు తుపాకులతో, మోటారులో వచ్చారు. రెండు రోజులు అడవంతా తిరిగి ఒక్క కుందేలుతో వెనక్కి పోయారు. దొరకు తల కొట్టేసినట్టయింది. మూడోనాడు ఊళ్లో డప్పు మోగింది. అడవిలో పందిని గానీ దుప్పిని గానీ ఎవరూ ముట్టకూడదు. ఎవరి దగ్గరున్న వలలు వాళ్లు గడికి అప్పగించాలి.

మైసన్న అప్పగించలేదు. నాలుగు రోజులు చూసి గడి గుమాస్తా మార్కండేయ ఇద్దరు జవాన్లతో బండి కట్టుకొని వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాడు. వాకిట్లో నిలబడి కాసేపు నేల చూశాడు.

"ఒక్కటి ఇడువు, మార్కండేయన్నా," అన్నాడు మైసన్న. "మా చేను మందం కట్టుకుంట. అడవిల అడుగు పెట్ట."

"నా చేతుల ఏమున్నది మైసన్నా? పన్నెండున్నయని దొరకు ఎరికే. పదకొండు తీస్కపోతే పన్నెండోదానికి నా తోలు వలుస్తడు."

వలలు బండెక్కాయి. సాలవ్వ లోపలికి పోయి, అల్లుతూ అల్లుతూ ఆపిన పదమూడో వలను కూడా తెచ్చి బండిలో పడేసింది. "ఇదెందుకు, ఇది సగమే ఉన్నది" అన్నాడు జవాను. ఆమె అప్పటికే లోపలికి తిరిగింది.

ఏడాది తిరిగేసరికి పందులకు భయం పోయింది. సీతారాం గెనుసుగడ్డ మడి నాగలితో దున్నినట్టయింది. మైసన్న చేనుకు గట్టు పక్క చేను అతనిదే. నలుగురు పిల్లలు. ఊళ్లో అందరూ మంచెలెక్కి రేకుడబ్బాలు వాయించారు, మంటలు వేశారు. పందులు ఇటు అదిలిస్తే అటు వచ్చేవి. మరుసటి వానకాలం సీతారాం మైసన్న ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"మైసా, వల లేకపోతే మానె. ఒక్క గుంత తవ్వు. నా మడిలనే తవ్వు. గీ యేడు గడ్డలు పోతే పిల్లలకు పెట్టనీకి నా తాన ఇంకేం లేదు."

మైసన్న రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు గడ్డపార తీసుకొని పోయాడు. ఛాతీ లోతు గుంత, అడుగున ఇరుకు. పడ్డ పందికి కాళ్లు ఆనకూడదు. పైన తంగేడు మండలు పరిచి మట్టి చల్లాడు. తవ్విన మట్టంతా గంపల్లో వాగులోకి మోశాడు. పని బాగా కుదిరిందని, చాలా రోజుల తర్వాత, అతనికి లోలోపల సంతోషం కూడా వేసింది.

గుంతలో పంది పడలేదు. అంతకుముందే గడి జవాను కంటపడింది.

ఇద్దరినీ గడి ముందుకు పిలిపించారు. పొద్దు నడినెత్తి మీద ఉంది. దొర అరుగు మీద కూర్చొని సీతారాంను వంగమన్నాడు. వంగిన వీపు మీద బండ పెట్టించాడు. మైసన్న రెండు చేతులూ జోడించి ముందుకు పోయాడు.

"నీ బాంచెను దొరా, తవ్వింది నేను. ఆయనకు తవ్వుడే రాదు. ఆ బండ నా మీద పెట్టుండ్రి."

"నువ్వు తవ్వినవని నాకెరికలేదా?" అన్నాడు దొర. గొంతులో కోపం కూడా లేదు. "గసుంటి గుంత ఈ ఇలాకల ఇంకెవనికి వస్తది? నీ నడుం ఇరిగితే రేపు షికారుల పనికొచ్చేదెవడు? నువ్వు నిలబడి చూడు."

మైసన్న నిలబడి చూశాడు. సీతారాం మోకాళ్లు వణకడం, చెమట ముక్కు కొన నుంచి బొట్లు బొట్లుగా దుమ్ములో పడడం, ఆ తర్వాత చెమట కూడా ఆగిపోవడం. పొద్దు వాలాక బండ దించితే అతను నిటారు కాలేకపోయాడు. ఆ సాయంత్రం మైసన్నే అతన్ని వీపు మీద మోసుకొని ఇంటికి చేర్చాడు. మరునాడు గుంత పూడ్చమని హుకుం. అదీ మైసన్నే పూడ్చాడు.

ఎల్లారెడ్డిలో పిల్లలకు చదువు చెప్పే యాకూబు అనే పంతులు ఉండేవాడు. క్రైస్తవుడు, సర్కారు భాష ఉర్దూ బాగా రాసేవాడు. మైసన్న గోడు మొత్తం విని, వలలు తిరిగి ఇప్పించమని ఎంతో ఓపికగా ఒక దరఖాస్తు రాసిచ్చాడు. ఎల్లారెడ్డిలో ఒక సర్కారు కచేరి ముందు మైసన్న మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు ఎవరో దాన్ని చదివి, ఇది ఇక్కడ కాదు, కామారెడ్డికి పో అన్నారు. కామారెడ్డికి నడిచిపోయాడు. అక్కడ ఒకాయన కాగితాన్ని వెనకా ముందూ తిప్పి, అడవి ఎవరిదని అడిగాడు. దొరదని చెబితే, "మరి దొరకే చెప్పుకో" అని చేతికిచ్చాడు. అది పట్టుకొని తిరిగొచ్చాక యాకూబు దాన్ని మడతపెట్టి మళ్లీ అతని చేతికే ఇచ్చాడు. "నేను రాసుడు తప్ప ఇంకేం చెయ్యలేను మైసన్నా" అన్నాడు.

ముప్పై ఎనిమిదిలో మక్కచేను కంకి మీదుండగా, ఒక తెల్లవారుజామున సాలవ్వ ముందుగా చేనుకు పోయింది. సాళ్లలో చప్పుడైతే మేకలనుకొని చప్పట్లు కొట్టింది. వచ్చింది ఒంటిపంది. ఎడమకాలి పిక్క మీదుగా కోర దింపి, చీరుకుంటూ పోయింది. మైసన్న చేరేసరికి ఆమె తలమీది కొంగు చింపి తన కాలికి తానే బిగించి కట్టుకొని, మక్కకర్ర పట్టుకొని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"పెద్దది," అంది. "నువ్వు చెప్తవే, ఒంటిగాడని, గదే."

ఆమెను బండిలో పడుకోబెట్టే ముందు, ఆ కంగారులోనూ, మైసన్న కళ్లు మట్టిలో జాడ వెతికాయి. ముందు కుడికాలి గిట్ట ఒక పక్క విరిగి ఉంది. ఆ ముద్ర అతని మనసులో అచ్చుపడిపోయింది. కామారెడ్డి దవాఖానలో కుట్లు వేశారు. ప్రాణం దక్కింది గానీ నరం తెగింది. సాలవ్వ మళ్లీ మడమ ఆనించి నడవలేదు. నాట్లకు, కలుపుకు ఆమెను పిలిచేవాళ్లు లేకపోయారు.

మరుసటి ఏడు చలికాలం గడికి మళ్లీ పట్నం మనుషులు షికారుకు వచ్చారు. ఈసారి దొర ముందుచూపుతో మైసన్నను పిలిపించి, వలలు బయటపెట్టించాడు. పందులు తప్పించుకొని వాగు దాటిపోకుండా ఒక పక్క వలలు కట్టాలట. ఊరంతా వెట్టికి కదలాలట. నాలుగేళ్ల తర్వాత వలలు చేతికి తగిలాయి. రెండిటిని ఎలుకలు కొరికాయి. మిగతావి బాగానే ఉన్నాయి. మైసన్న వాటిని గుట్టల సందులో కట్టాడు. ఇష్టం లేని పనే అయినా చేతులు తప్పు చేయలేదు.

మధ్యాహ్నం డప్పులు మొదలయ్యాయి. డప్పులవాళ్ల వరసలో సీతారాం కూడా ఉన్నాడు, వంగిన నడుముతోనే. దుప్పులు పోయాయి, రెండు పిల్లపందులు పోయాయి. ఆ తర్వాత పొదలు విరుచుకుంటూ నల్లటి ఒంటిపంది సూటిగా వచ్చి సాయన్న అల్లిన వలకు తగిలింది. కర్రలు పడ్డాయి, వల కూలింది. అది దుమ్ములో పొర్లి, కాళ్లు ఆకాశానికి తన్నింది. కుడి ముందరి గిట్ట ఒక పక్క విరిగి ఉంది.

మైసన్న బల్లెం ఎత్తాడు. నాలుగు అడుగుల దూరం.

"ఆగు!" అని అరిచాడు దొర.

మంచె మీద నుంచి ఒక పెద్దమనిషి తుపాకితో దిగి వచ్చాడు. వలలో పడ్డ పందిని చూసి ముఖం చిట్లించి దొరతో ఉర్దూలో ఏదో అన్నాడు. కట్టేసినదాన్ని కాల్చడం షికారు కాదని ఆయన మాట. దొర మైసన్న వైపు తిరిగాడు.

"వల కొయ్యి. అది ఉరకాలె."

"దొరా, ఇది మా ఆడిదాని కాలు చీరిన పంది. ఇడిస్తే మళ్ల చేన్లకే వస్తది. ఒక్క పోటు దొరా, మీ కాళ్లు మొక్కుత."

"కొయ్యమంటున్న."

మైసన్న చుట్టూ చూశాడు. ఊరంతా అక్కడే ఉంది. ఎవరూ కదలలేదు. సీతారాం తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. వద్దు, ఎదురు చెప్పకు అన్నట్టు. మైసన్న బల్లెం కింద పెట్టి, మొలలోని కత్తి తీశాడు. తండ్రి వేసిన ముడులు చాలా గట్టివి. ఒక్కొక్కటీ కొయ్యడానికి పట్టి పట్టి లాగాల్సి వచ్చింది. పంది ఊపిరి వేడిగా అతని ముంజేతికి తగులుతూనే ఉంది. నాలుగో ముడి తెగగానే అది లేచి, అతన్ని పక్కకు తోసేసి, వాగు వైపు ఉరికింది. తుపాకి రెండుసార్లు పేలింది. ఒక మోదుగు కొమ్మ విరిగి పడింది. అంతే.

"క్యా దౌడా!" అన్నాడు ఆ పెద్దమనిషి, పంది ఉరుకును మెచ్చుకుంటూ నవ్వి. దొర కూడా నవ్వాడు. ఆ వెనక గడి మనుషులంతా నవ్వారు.

సాయంత్రం దొర మైసన్నకు ఒక కొత్త రుమాలు ఇప్పించాడు. వచ్చే ఏడు మళ్లీ వస్తారు గనుక తెగిన వలలు బాగు చేసిపెట్టమన్నాడు. వాటిని ఇంటికి పోనివ్వలేదు. గడి వాకిట్లోనే కూర్చొని అల్లాలి. ముడి వేయడంలో సాలవ్వ చెయ్యి మేలని ఎవరో చెప్పి ఉంటారు, ఆమెనూ రమ్మన్నారు. ఎనిమిది రోజులు ఆలుమగలు ఆ ఎండలో ఎదురెదురుగా కూర్చొని, ఎలుకలు కొట్టినవీ కత్తి కోసినవీ కలిపి అల్లారు. ఆ ఎనిమిది రోజులూ చేనుకు కావలి లేదు. తొమ్మిదో పొద్దున ఇద్దరూ పోయి చూస్తే తెల్లజొన్న నేలమట్టమై ఉంది. నిలబడ్డ కర్రలు ఒక మోపెడు కూడా లేవు.

సాలవ్వ గట్టు మీద కూర్చుంది. "మంచిగనే అల్లినం కద," అంది.

మైసన్న చేనులోకి దిగాడు. పడిపోయిన కంకుల్లో గింజ మిగిలిన వాటిని ఏరడం మొదలుపెట్టాడు. కాసేపటికి అదీ ఆపేశాడు.

ఉగాది దాటాక వాళ్లు ఊరు విడిచారు. దొర మనుషులు ఆపుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. మైసన్న సీతారాంకు మాత్రం చెప్పాడు. అతను "పో, నాకైతే నడుం లేదు, నడిచొచ్చేటట్టు లేను" అని, సాలవ్వ చేతిలో నాలుగు గెనుసుగడ్డలు పెట్టాడు. కామారెడ్డిలో రైలుస్టేషను అవతల తాళ్లు పేనేవాళ్ల పాకలో మైసన్నకు పని దొరికింది. ఎడ్లకు పలుపులు, ముగుతాళ్లు, బావి మోకులు. సాలవ్వ కూర్చొని నార చిక్కు తీసేది. యుద్ధం రోజుల్లో తిండికి కటకట అయినా ఇద్దరూ బతికారు.

నలభై రెండులో మార్కండేయ ఏదో పని మీద కామారెడ్డికి వచ్చి, మోకు కొనబోయి, పేనే మనిషిని గుర్తుపట్టాడు. ఊళ్లో ఇప్పుడు పదహారు గడపలే మిగిలాయని, వాగు ఇవతల కూడా తుప్పలు లేచాయని చెప్పాడు. సీతారాం కిందటేడే కాలం చేశాడట. గడిలో వలలు కట్టేవాడు లేక దొర ఇంకో ఊరి నుంచి ఎవరినో తెప్పించాడట, వాడికి జాడలు తెలియవట.

"వస్తవా మళ్ల?" అని అడిగాడు మార్కండేయ. "దొర అడగమన్నడు."

మైసన్న చేతిలోని తాడును పేనుతూనే ఉన్నాడు. తల ఎత్తి, "మోకు ఎన్ని బారలు గావాలె?" అన్నాడు.