వేడెక్కని అంట్ల మిషన్

సబ్బు నీళ్ళలో నాని నాని మా అత్తగారి చేతివేళ్ళు పగిలిపోయాయి. మూడు నెలలు సబ్బు ముట్టుకోవద్దని డాక్టరు గారు చెప్పారు. పనిమనిషిని పెట్టే అవకాశం అప్పటికే అయిపోయింది. వచ్చిన ఇద్దరూ తోమిన గిన్నెల్ని ఆవిడ వాళ్ళ కళ్ళముందే మళ్ళీ తోమారు. ఇద్దరూ మానేశారు. మిషన్‌కి పౌరుషం ఉండదు కదా అని, సామర్లకోటలో మా వీధిలో ఎవరికీ లేని డిష్‌వాషర్ కొన్నాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి.

నా తొందరంతా ఆవకాయ కోసం. అంతకుముందు వేసవిలో ఆవిడ ఆ పగిలిన వేళ్ళతోనే కారం, ఆవపిండి కలిపారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మిరప ఘాటు అన్నారు. గరిటెతో కలిపితే అది ఆవకాయ కాదు, కూర అని ఆవిడ సిద్ధాంతం. మళ్ళీ వేసవి వచ్చేలోగా ఆ చేతులు మానాలి.

మిషన్ వచ్చింది, తిరిగింది, కానీ వేడెక్కలేదు. కొనే ముందు కాకినాడలో మా తోటి టీచరు ఇంట్లో చూశాం. తలుపు తీయగానే ఆవిరి కొట్టి నా కళ్ళజోడు మసకబారింది. మాది తీస్తే ఆవిరి లేదు, కంచాలు తడితడిగా, చల్లగా ఉన్నాయి. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే దాని తలుపు మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసేదాన్ని.

"నీ మిషన్ మాఘస్నానం చేస్తోందమ్మాయ్" అన్నారు అత్తగారు.

మా ఇంట్లో ఏది పాడైనా మావారు చెప్పే కారణం ఒక్కటే, లో వోల్టేజీ. స్టెబిలైజర్ తెచ్చి పెట్టారు. దాని ఎర్రలైటు చక్కగా వెలిగింది. కంచాలు మాత్రం చల్లగానే ఉన్నాయి. మా బోరు నీళ్ళకి గీజరు కాయిల్ సున్నం పట్టి కాలిపోయిన సంగతి గుర్తొచ్చి, దీనికీ అదే గతి పట్టిందనుకున్నాను. కాకినాడ నుంచి మెకానిక్‌ని పిలిచాం.

నెమ్మదైన మనిషి. కరెంటు తీసి, అడుగు రేకు విప్పి, కాయిల్‌కి మీటరు పెట్టి చూశాడు. బాగానే ఉంది. వేడిని కొలిచే సెన్సరూ బాగానే ఉంది. అన్నిటికంటే పెద్ద ప్రోగ్రాం పెట్టి తిప్పితే అరగంటలో తలుపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది.

"హీటరు శుభ్రంగా పనిచేస్తోందండి. మీరు రోజూ వాడే ఆటో ప్రోగ్రాంలో, నీళ్ళెంత మురికిగా ఉన్నాయో చూసుకుని దానికి తగ్గట్టు వేడి పెంచుకుంటుందండి. మీ నీళ్ళలో మురికి కనపడట్లేదండి దానికి" అన్నాడు.

ఇంట్లో నలుగురం మూడు పూటలా తింటాం. మురికి ఎక్కడికి పోతోందో నాకు అర్థం కాలేదు.

అతను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు. అత్తగారు దాన్ని తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు పెట్టి తోమి, రెండుసార్లు తొలిచి, తెచ్చి మిషన్‌లో పెట్టారు.

"మామ్మగారూ, ఇప్పుడా గ్లాసుని ఇదేం చెయ్యాలండి?" అని అడిగాడు.

"కడుగుద్ది నాయనా."

"మీరు కడిగేశారు కదండీ."

"అది ఎంగిలి గ్లాసు బాబూ. అన్నం వండిన గిన్నెలుండే పెట్టెలో ఎంగిలిది ఎలా పెడతాం?"

మా పెరట్లో అంట్లకి రెండు తొట్లుండేవి, కంచాలకొకటి, వంట గిన్నెలకొకటి. ఒకే పెట్టె కొని ఇంటికి తెచ్చినప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. నేను బడికి వెళ్ళాక, పొద్దుటి అంట్లన్నీ ఆవిడ తోమి మిషన్‌కి పెడుతున్నారు. అది వేడెక్కకపోయేసరికి ఎంగిలి పోలేదని, బయటికి తీశాక మళ్ళీ తోముతున్నారు.

అప్పుడు ఆవిడ చేతులు పట్టుకుని చూశాను. ఒక వేలి పక్కన నెత్తురు చారిక ఉంది. మూడు నెలలుగా రోజూ మిషన్‌కి జ్వరం చూశాను గానీ ఈ చేతుల్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. సిగ్గేసింది. మెకానిక్ ఉన్నాడని ఏడుపు ఆపుకున్నాను.

ఆ రోజు నుంచి రెండు వాయిలు. పొద్దున వంట గిన్నెలు, సాయంత్రం ఎంగిలి కంచాలు, తోమకుండా. ఎంగిలి వాయి అయ్యాక మిషన్‌ని ఖాళీగా ఒకసారి తిప్పి శుద్ధి చేస్తేనే ఆవిడ ఒప్పుకున్నారు. ఎంగిలి వాయి తీసిన మొదటిరోజే నా కళ్ళజోడు మసకబారింది.

మే నెలలో ఆవిడ పెద్ద పళ్ళెం ముందు కూర్చుని, చెయ్యి మోచేతి దాకా కారంలో పెట్టి ముక్కలు కలిపారు. నేను పక్కనే కూర్చుని మొహం చూస్తూ ఉన్నాను.

"మండుతోందా అత్తయ్యగారూ?"

"నాలిక్కి మండాలమ్మా. చేతికెందుకు మండుద్ది?"

జాడీలు నింపాక ఆ పళ్ళెంలో మిగిలిన గుజ్జులో వేడన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టారు. తర్వాత నూనె కారుతున్న పళ్ళాన్ని ఉన్నపళంగా తీసుకెళ్ళి మిషన్‌లో పెట్టారు. తలుపు మాత్రం, తోమని పళ్ళాన్ని చూడలేనట్టు మొహం పక్కకి తిప్పుకుని వేశారు.