కౌండిన్య గట్టున పరిచిన పడుగు

వేలూరు బజారులో బట్టల కొట్టు నడిపే మా బావకు గుడియాత్తంలో ఇంకో కొట్టు పెట్టాలని కోరిక. అక్కడ కౌండిన్య నది గట్టున ఖాళీ జాగా ఉందని, టౌను ప్లానులో దాని వాడుక మార్చి కింద అంగళ్లు, పైన ఇళ్లు కట్టబోతున్నారని విన్నాడు. "నువ్వు ఊరికే తిరగతా ఉంటావు గదప్పా, పోయి చూసి రా" అన్నాడు. ఊరికే తిరుగుతానట! ఉక్రోషం వచ్చినా పొద్దున్నే బస్సెక్కాను. పళ్ళికొండ మీదుగా గంట పైచిలుకు ప్రయాణం, టికెట్టు యాభై రూపాయల లోపే. దిగాక నదికి నడిచే వెళ్లాను.

తీరా చూస్తే ఖాళీ ఏదీ? గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు లుంగీల పడుగు పరిచి ఉంది. కర్రల మీద సాగదీసిన ఆ నూలుకు రుక్మిణమ్మ అనే నేతావిడ, ఆవిడ భర్త గంజి పట్టించి దువ్వుతున్నారు. వాళ్ల వీధులు ఇరుకు, ఇంత పొడుగు చోటు ఇంకెక్కడా లేదు. ఇది పోతే ఇంట్లో మగ్గం ఆగినట్టే.

"మరి ప్లానులో ఖాళీ అని ఎందుకు రాశారమ్మా?" అని అడిగాను.

రుక్మిణమ్మ తల కొట్టుకుంది. "మా తప్పే నాయనా. కొలవను ఆఫీసర్లు వస్తారని చెప్పినారు. పెద్దోళ్లు వచ్చే జాగా గలీజుగా ఉండకూడదని పడుగు చుట్టేసి, కర్రలు పీకేసి, చిమ్మి ముగ్గేసినాము. వాళ్లు చూసి 'ఖాళీ ఇడం', అంటే ఖాళీ జాగా అని రాసుకోని పోయినారు. ఈ పొద్దు మళ్లా వస్తా ఉండారు."

అంతలో జీపు వచ్చి ఆగింది. ఆవిడ చేతులు అలవాటుగా పడుగు చుట్టడానికే పోయాయి!

"చుట్టొద్దమ్మా!" అని అరిచేశాను.

"ఉండనీమే" అన్నాడు భర్త కూడా.

జీపు దిగిన ఇంజనీరు పడుగు దాటబోయాడు. "దాటకూడదు సామీ, చుట్టూ రండి" అంది రుక్మిణమ్మ. ఆయన ఆ చివరి దాకా నడిచి చుట్టి వచ్చేసరికి చెమటలు పట్టాయి. ప్లాను మీద ఆ పొడుగునా పెన్నుతో గీత గీసి, ప్లాను మీద అభ్యంతరాలు వినే విచారణ రోజున వచ్చి ఇదే చెప్పమని తమిళంలో చెప్పి వెళ్లాడు.

తిరుగు బస్సులో బావ ఫోన్ చేశాడు. "జాగా ఖాళీగా ఉండాదా?"

"లేదు బావా."

ప్లాను మారుతుందో లేదో తెలియదు. వచ్చేవాళ్ల మర్యాద కోసం తమ బతుకునే చుట్టి లోపల పెట్టుకున్న మనుషులు గుర్తొచ్చి దారంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. మీరు వెళ్తే మాత్రం ఎండ ముదరకముందే వెళ్లండి. గంజి ఆరగానే పడుగు చుట్టేస్తారు. ఆ తర్వాత చూస్తే మీకూ అది ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది.