నా ఒడిలో రాసిన అ

మా అమ్మాయి చదివే సర్కారు బడి మంచీ చెడూ అంతా నా కుట్టు మిషన్ దగ్గరే తేలుతుంది. జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు టేపు ఒంటి మీద ఉన్నంతసేపూ ఊరికే నిలబడరు కదా. ప్రార్థన కాగానే పెద్ద మేడం గేటు వేయిస్తుందని ఒకామె తిడుతుంది. వేయించకపోతే మీ పిల్లగాడు మధ్యాహ్నం అన్నానికే వస్తాడని ఇంకొకామె ఎత్తిపొడుస్తుంది. తిన్న పళ్లెం పిల్లలే కడుక్కోవాలట, చదువుకు పంపామా పనికి పంపామా అని ఒకరు. మా పిల్ల ఇంట్లో కూడా కడుగుతోంది, ఆ మేడం చల్లగుండాలి అని ఇంకొకరు. బోరంచ నల్లపోచమ్మ జాతరకు పోయి బడి ఎగ్గొట్టిన పిల్లల్ని మర్నాడు మేడం నిలబెట్టి అడిగిందని తెలిసినప్పుడైతే, అమ్మవారి దగ్గరికి పోయినా సంజాయిషీ ఇవ్వాలా అని వారమంతా నా గదిలో ఒకటే లొల్లి.

నేను గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని వింటూ ఉంటాను. సూదులుంటే మాట్లాడక్కర్లేదు. తీసి మాట్లాడితే మాత్రం నా నోరు మంచిది కాదని మా గల్లీలో అందరికీ తెలుసు.

మా పుట్టిల్లు కంగ్టి అవతల, కర్ణాటకకు ఆనుకున్న పల్లె. పెళ్లయి నారాయణఖేడ్ వచ్చాను. మా ఆయన దుకాణాల బోర్డులు రాసేవాడు. ఆయన రాసే అ అందరి అ లాంటిది కాదు. చివరి తోకను పైకి లాగి, కొసన చిన్న మెలిక వేసేవాడు. ఎందుకు గట్ల అని అడిగితే, చెయ్యి గట్లనే పోతది, నేనేం చేయాలె అని నవ్వేవాడు. మా అమ్మాయికి అక్షరాలు దిద్దబెట్టినప్పుడు దాని వేలు ఆయన పట్టుకున్నాడు, ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను. దానికీ నాకూ ఆ మెలిక అలాగే వచ్చేసింది.

పిల్ల ఒకటో తరగతిలో ఉండగా ఒక పొద్దున ఆయన ఛాతీలో నొప్పి అన్నాడు. ఆటోలో దవాఖానకు చేరేలోపే పోయాడు. మార్కెట్లో ఆయన రాసిన బోర్డులు ఇంకా ఉన్నాయి, ఎండకు వెలిసిపోతూ. కూరగాయలకు పోయినప్పుడల్లా వాటి కింద నుంచే నడవాలి.

అప్పటినుంచి పెళ్లి జాకెట్లు నా దగ్గరికి రావడం మానేశాయి. మామూలు జాకెట్లు వస్తాయి. పెళ్లి జాకెట్‌కు కత్తెర వేరే ఉంటదా అని ఒకామెను అడిగాను. ఆమె నవ్వలేదు. పెళ్లిళ్లకూ పిలుస్తారు, భోజనాల వేళకు. పసుపు కొట్టేటప్పుడు పిలవరు. ఎవరూ ఒక మాట అనరు, పక్కకు తోయరు. నేను గదిలోకి వెళ్తే పసుపు గిన్నె ఇంకో గదిలోకి వెళ్లిపోతుంది, అంతే.

ఇవేవీ లెక్కచేయని చోటు నాకు ఒక్కటే ఉండేది, ఆ బడి. ఆగస్టు పదిహేనుకు పిల్లల బట్టలు సర్దడానికి పెద్ద మేడం నన్నే పిలిచేది. కుర్చీ వేయించి, పిల్లలందరి ముందు కూర్చోబెట్టేది. మేడం మా ఊరిది కాదు. ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చింది, నవ్వు తక్కువ, మాట కరుకు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు నేను కూడా ఊళ్లో మనిషిననిపించేది. అందుకే మిషన్ దగ్గర ఎవరైనా ఆమెను మరీ తిడితే పెదవుల మధ్య సూదులు తీసేదాన్ని.

పోయిన ఏడు జూన్‌లో బడిబాట నడుస్తోంది. కొత్తగా చేరే పిల్లలకు బడిలోనే అక్షరాభ్యాసం పెట్టారు. గుమ్మానికి మామిడాకులు, సరస్వతి పటానికి బంతిపూల దండ, వరండా పొడుగునా పళ్లేల్లో బియ్యం. ఒక్కో పళ్లెం ముందు ఒక తల్లో తండ్రో, ఒడిలో ఒక పిల్ల. నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఒక పళ్లెం ముందు మాత్రం ఒక చిన్నపిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. మా గల్లీ పిల్లే. అమ్మానాన్నలు పట్నంలో కట్టడం పనికి పోయారు, నాయనమ్మ దగ్గర ఉంటుంది. ఆ అవ్వ పొద్దున్నే విత్తనాల దుకాణం ముందు లైన్లో నిలబడటానికి పోయి ఇంకా రాలేదు.

పక్కపిల్లలు రాయడం మొదలుపెట్టగానే ఈ పిల్ల పెదవి వణికింది. పెద్ద మేడం నా వైపు చూసింది.

"నువ్వు కూర్చోబెట్టుకోమ్మా."

"నేనా మేడం?"

"ఎందుకు, నీకు అ రాదా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, కూర్చున్నాను. పిల్ల తేలిగ్గా నా ఒడిలోకి వచ్చేసింది. తలకు కొబ్బరినూనె వాసన. దాని వేలు పట్టుకుని బియ్యంలో అ రాయించాను. నా చెయ్యికి తెలిసిన అ ఒకటే, తోక పైకి లేచి మెలిక పడింది. పిల్లకు ఆ మెలిక నచ్చింది. మళ్లీ రాద్దామంది. మళ్లీ మళ్లీ రాశాం. "ఇక 'ఆ' రాయించు" అని మేడం అన్నా పిల్ల మాత్రం అ దగ్గరే ఆగిపోయింది.

అవ్వ వచ్చింది అప్పుడే. విత్తనాల సంచి గుమ్మంలో పడేసి, పిల్లను రెక్క పట్టి లేపింది.

"ఏంది మేడం గిది? మొగడు పోయినదాని ఒళ్ల కూసుండబెట్టి నా మనుమరాలికి అచ్చరాలు దిద్దిపిస్తవా? మనుషులే దొర్కలేదా నీకు?"

వరండా అంతా మా వైపు తిరిగింది. నేను ఊరుకుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఊరుకోలేదు.

"అవ్వా, నీ ఒంటి మీది జాకెట్ నేను కుట్టిందే. గదీ ఇడుస్తవా?"

ఎవరో మగాయన కిసుక్కున నవ్వాడు. దాంతో పని ఇంకా చెడింది. సాయంత్రానికి ఊరంతా రెండు ముక్కలు. తర్వాత జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో పాఠాలూ లేవు, పళ్లేలు కడిగే సంగతీ లేదు, ఇదే మాట. కిరాణా నడిపే ఒకాయన లేచి, "మేడం మంచిగ చెప్తది, కాదన్నోళ్లు లేరు. గని ఊరి రివాజు తెల్వాలె కద" అన్నాడు. మూడో తరగతి పిల్ల తల్లి ఒకామె, "మా బిడ్డ పేపరు సదువుతుంది, నాకు గంతే కావాలె. ఎవల ఒళ్ల కూసుంటే నాకేంది?" అని గట్టిగా అంది. ఆమెకు దండం పెట్టాలనిపించింది. సమావేశం అయ్యాక ఆమె నా పక్కనుంచే బయటికి నడిచింది. నడుస్తూ నడుస్తూ, నా వైపున్న చంకలోని చంటిదాన్ని అటు చంకలోకి మార్చుకుంది. ఆమె కావాలని చేసిందనుకోను. అది ఇంకా ఎక్కువ నొప్పి.

పెద్ద మేడం ఒక్కటే మాట అంది. అక్షరం ఎవరు పెట్టించినా అక్షరమే, నేను తప్పు చేశాననుకోవట్లేదు అని. ఆ రోజు ఆమెను మించిన మనిషి భూమ్మీద లేదనుకున్నాను.

అవ్వ పిల్లను బస్సెక్కించి బాసర తీసుకుపోయి మళ్లీ అక్షరాభ్యాసం చేయించింది, నా ఒడిలో రాసింది రద్దయిపోయేలా. వచ్చాక ప్రైవేటు బడి వ్యాను ఎక్కించింది. ఆమె వెనక ఇంకొందరు. పొద్దున్నే వ్యాను మా గల్లీ మలుపులో ఆగి పిల్లల్ని నింపుకుని పోతుంది. అది పోయాక మా అమ్మాయి ఒక్కతే సంచీ తగిలించుకుని నడిచిపోవడం నేను మిషన్ దగ్గర కూర్చుని చూసేదాన్ని. బెంచీలో దాని పక్కన కూర్చునే పిల్ల కూడా వ్యాను ఎక్కింది. ఒక సాయంత్రం అన్నం తింటూ అడిగింది, "అమ్మా, నీ వల్లనే పోయిండ్రా అందరు?" కాదు బిడ్డా అన్నాను. అది నమ్మినట్టు తల ఊపింది.

ఏడాదంతా బడి పలచబడింది. పిల్లలు తగ్గితే ఒక టీచరును తీసేస్తారన్న మాట కూడా వచ్చింది. నాకు కావలసింది మాత్రం ఒక్కటే. జూన్‌లో మళ్లీ ఆ వరుసలో కూర్చోవాలి. ఏ ఒక్క తల్లి అయినా తన పిల్లను నా ఒడిలో పెట్టాలి. ఎవరూ పెట్టకపోతే మేడమే పెట్టిస్తుందని ధైర్యం. ఆమె ఉండగా నాకేంటి అనుకున్నాను.

ఈ ఏడు అక్షరాభ్యాసానికి ముందురోజు మేడం మా ఇంటికొచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడకున్న కత్తెర వైపు చూస్తూ చెప్పింది.

"ఈసారి నువ్వు వంట దగ్గర చూసుకో అమ్మా. పిల్లలు చానా మంది వస్తమంటున్నరు."

అర్థం కాకపోవడానికి నేనేమీ చిన్నపిల్లను కాదు. "నేను వరండాల కనపడకుంటే వస్తరా మేడం?" అని అడిగాను.

"బడి నిలబడాలె కద," అంది. గొంతు కరుకే, కానీ ముందున్న బిగువు లేదు. "నీ బిడ్డ కూడా అదే బడిల ఉంది."

అది నిజం. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండింది. ఆమె వెళ్లాక కోసిపెట్టిన జాకెట్ గుడ్డను తప్పుగా కుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ కుట్టాను.

మర్నాడు బడి కళకళలాడింది. వ్యాను పిల్లల్లో సగం మంది వెనక్కి వచ్చారు, కొత్త పిల్లలతో పాటు వాళ్లనీ పళ్లేల ముందు కూర్చోబెట్టారు. మేడం దారికొచ్చిందట, ఇప్పుడు మంచిగుందట, నా మిషన్ దగ్గర ఆమెను తిట్టినవాళ్లే చెప్పుకుంటున్నారు. నేను వెనక పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతూ విన్నాను. ఇన్నాళ్లూ ఆమెను వెనకేసుకొచ్చింది నేను. ఇప్పుడు ఆమె మంచిదని ఊరంతా ఒప్పుకుంటుంటే, ఆ మాటకు ఊ కొట్టలేనిదాన్ని నేనొక్కదాన్నే.

రాయడాలు అయిపోయాక బియ్యం పళ్లేలు వెనక్కి తెచ్చి నా ముందు పెట్టారు. ఆ బియ్యంతోనే పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండాలి. ఒక్కో పళ్లెం పెద్ద గిన్నెలో ఒంపుతున్నాను. చాలావాటిలో అక్షరాలు కదిలి చెరిగిపోయాయి. ఒకదాని దగ్గర ఆగాను.

బియ్యంలో అ ఉంది. తోక పైకి లేచి, కొసన మెలిక.

తల ఎత్తి వరండా వైపు చూశాను. పోయిన ఏడు నా ఒడిలో రాసిన పిల్ల ఈసారి అవ్వ ఒడిలో కూర్చుని ఉంది. అవ్వకు చదువు రాదు, అందుకని వేలు పట్టుకోకుండా పిల్లనే రాయనిచ్చినట్టుంది. బాసర పోయి వచ్చినా, ఏడాది వ్యాను బడిలో చదివినా, పిల్ల వేలు నాతో రాసినట్టే రాసింది. నాతో కూడా కాదు, ఆయనతో.

ఆ పళ్లెం ఒడిలో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఎవరికైనా చూపించాలనిపించింది. మా అమ్మాయి క్లాసులో ఉంది. ఆయన లేడు. మేడం వచ్చి, "ఎసరు కాగుతుంది, ఇంకా పోయలేదా?" అంది. పళ్లెం వైపు చూసింది. ఆమెకు అది ఒక అ, అంతే.

"పోస్తున్న మేడం," అని, పళ్లెం వంచి ఆ బియ్యాన్ని గిన్నెలో కలిపేశాను.

అన్నాలప్పుడు వడ్డించింది నేనే. పిల్లల పక్కన వచ్చినవాళ్లంతా కూర్చున్నారు. అవ్వ కూడా కూర్చుంది, నేను కుట్టిన జాకెట్టే వేసుకుని. మనుమరాలికి పప్పన్నం కలిపి ముద్దలు పెడుతూ, తానూ తిని, నా మొహం చూడకుండా పళ్లెం ముందుకు జరిపింది.

"అన్నం మంచిగుంది. ఇంకింత వెయ్యి."

వేశాను.