ఉడుత చెప్పిన పాఠాలు, మా అమ్మాయి మాటలు

మొన్నామధ్య మా మనవడికి టీకా వేయించాలంటే అమ్మాయికి తోడుగా అమలాపురం వెళ్ళి, పిల్లల డాక్టరుగారి ఆసుపత్రిలో పేరు రాయించుకుని బల్ల మీద కూర్చున్నాను. పక్కనే ఓ బుడతడు, మూడేళ్ళు ఉంటాయో లేదో, వాళ్ళమ్మ సెల్లు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలు చూస్తున్నాడు. అందులో ఓ ఏనుగుపిల్ల ప్రతి వస్తువు పేరూ ముందు తెలుగులోను, వెంటనే ఇంగ్లీషులోను చెప్పి, ఇప్పుడు నువ్వు చెప్పు అని కాసేపు ఆగుతోంది. వీడు ఠంచనుగా చెబుతున్నాడు. తండ్రేమో ఇంక చాలు కట్టెయ్యమంటాడు, తల్లేమో చదువే కదా ఉండనివ్వమంటుంది. వాళ్ళ వాదన వింటుంటే నాకు ఇరవయ్యేళ్ళ కిందటి గుండెదడ మళ్ళీ మొదలైంది. నా ఈడు వాళ్ళలో గల్ఫు కాపురాలు చేసినవారికి ఈ దడ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము అల్లవరం దగ్గర ఓ పల్లెలో ఉండేవాళ్ళం. అమ్మాయికి ఏడాది నిండీ నిండకుండానే మా వారు మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పనికి వెళ్ళిపోయారు. ఇంట్లో అత్తగారూ నేనూ పిల్లా, అంతే. పిల్లకు మూడేళ్ళు వచ్చాయి గాని మాట రాలేదు. ఆకలేస్తే గిన్నె తెచ్చి ముందు పెట్టేది, దాహమేస్తే నా చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళ్ళేది, అంతేగాని నోరు విప్పి అమ్మా అన్న పాపాన పోలేదు. చెవుడేమోనని వెనకనుంచి చప్పట్లు కొట్టి చూసేదాన్ని, చటుక్కున తిరిగేది. హమ్మయ్య అనుకునేదాన్ని, మళ్ళీ గంటకే అనుమానం. మా అత్తగారు వసకొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి, పొద్దున్నే పిల్ల నాలుకకు రాసేవారు. వస పోస్తే పిల్లలు వసపిట్టల్లా వాగుతారని ఆవిడ నమ్మకం. ఎదురింటి వదినగారు మాత్రం, మగపిల్లాడికైతే మాట ఆలస్యమవుతుంది గాని ఆడపిల్లకు ఇదేమిటండీ అని ప్రతి రెండు రోజులకూ ఒకసారి అడిగి, నా తిండీ నిద్రా చెడగొట్టేది. డాక్టరుగారు చూసి, ఏ లోపమూ లేదమ్మా, పిల్లతో బాగా మాట్లాడుతూ ఉండండి అన్నారు. ఏం మాట్లాడతాను? పొద్దున్న లేచింది మొదలు పాడీ పంటా, కొబ్బరి దింపులూ, నోటికి తీరికేదీ!

శుక్రవారం మస్కట్‌లో సెలవు గనక ఆ రోజు వదినగారింటికి ఫోను వచ్చేది. పిల్లను చంకనేసుకుని పరుగెత్తేదాన్ని. మా వారు అక్కడినుంచి బుజ్జీ, బంగారూ, నాన్నా అనవే అని బతిమాలేవారు. ఇది రిసీవరు కేసి గుడ్లప్పగించి చూసేది. చివరికి నేనే అందుకుని, ఇప్పుడే నిద్ర లేచిందండీ, అందుకని పలకడం లేదు అని సర్దిచెప్పేదాన్ని. ప్రతి శుక్రవారమూ అప్పుడే ఎలా నిద్ర లేస్తుందని ఆయన ఎన్నడూ అడగలేదు.

అలాంటి రోజుల్లో మా ఆడపడుచు భర్త సెలవుకు వస్తూ, మా వారు పంపిన సీడీ ప్లేయరు తెచ్చి ఇచ్చారు. దానితోపాటు నాలుగు బొమ్మల సీడీలు. ఓ ఉడుత చెట్టు దిగి వచ్చి, బంతి, బాల్, పిల్లి, క్యాట్ అంటూ రెండు భాషల్లోనూ పాఠం చెబుతుంది. మా వారి ఆలోచన ఒక్కటే. అక్కడ సూపర్‌వైజరు ఇంగ్లీషులో ఏదో అంటాడట, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారట, తిట్టాడో మెచ్చుకున్నాడో ఈయనకు తెలియదట. ఆ తల వంచుకోవడం నా కూతురికి రాకూడదు, వచ్చే ఏడు అమలాపురంలో ఇంగ్లీషు మీడియంలో వేద్దాం అనేవారు. నేను చదివింది పదో తరగతి, అదీ తెలుగులో. కాబట్టి ఇంగ్లీషు నేర్పే భారం ఉడుత మీద పడింది.

సీడీ ప్లేయరు వచ్చిందని తెలిసి వీధిలో ఆడవాళ్ళంతా పిల్లల్ని వెంటేసుకుని మా వసారాలో చేరేవారు. ఇక చూడండి, అదో పంచాయితీ. చేపల చెరువుల వారి కోడలు గారికేమో మధ్యలో తెలుగు దండగ అనిపించేది. మన తెలుగు ఎక్కడికి పోతుందండీ, ఆ కాస్త చోటులోనూ ఇంగ్లీషే పెడితే పోయేది కదా అనేది. వదినగారు అందుకు ఒప్పుకునేది కాదు. తెలుగు మాటే రాని పిల్లకు రెండు భాషలా, రెండు పడవల మీద కాళ్ళు పెట్టిస్తే నడుమ గోదావరిలో పడుతుంది అనేది. మా అత్తగారు మాత్రం ఒక్కటే అనేవారు.

"పిల్లలు మడుసుల దగ్గర మాటలు నేరుస్తారు గానండీ, పెట్టె దగ్గర నేరుస్తారేటి? నాను నలుగుర్ని పెంచేను, ఏ ఉడత నేర్పింది ఆళ్ళకి?"

అన్నారే గాని నెల తిరక్కుండానే వంటింట్లో పచ్చడి నూరుతూ తనలో తాను చింతపండు, టామరిండ్ అనుకోవడం నేను విన్నాను. నవ్వితే, నవ్వకే అమ్మాయ్, పనికొస్తాది అన్నారు.

అసలు విశేషమేమిటంటే పిల్లకు మాట వచ్చింది. ఓ మధ్యాహ్నం ఉడుత ఇదేమిటి అని ఆగగానే, మా అమ్మాయి స్పష్టంగా, గొడుగు, అంబ్రెల్లా అంది. నేను చేటలో బియ్యం చేటలోనే వదిలేసి ఏడ్చేశాను. అత్తగారు వస పనిచేసిందన్నారు, మా వారు ఫోనులో సీడీ పనిచేసిందన్నారు, నేను అయినవిల్లి వినాయకుడి మొక్కు అనుకున్నాను. ఆ పూట అందరమూ గెలిచాం.

కాని ఆ సంతోషం నిలవలేదు. పేర్లన్నీ చెప్పేది, అడిగేది మాత్రం ఏమీ లేదు. నీళ్ళు, వాటర్ అని చెంబు చూపించి చెప్పగలదు, దాహమేస్తే మాత్రం మునుపటిలాగే నా చెయ్యి పట్టుకుని లాగేది. కరెంటు పోతే నల్లటి టీవీ ముందు కదలకుండా కూర్చునేది. ఇది మాటా, లేక చిలక పలుకా? ఈ సీడీ నా పిల్లను బాగుచేస్తోందా, పాడుచేస్తోందా? తీసి దాస్తే వచ్చిన ఆ నాలుగు పలుకులూ పోతాయేమోనని భయం. పెడితే ఇలాగే ఉండిపోతుందేమోనని భయం. ఎవరిని అడగను? అడిగితే మా వారికి తెలుస్తుంది, అంత దూరాన ఆయన దిగులుపడతారు.

ఆ రోజుల్లో గల్ఫులో ఉన్నవాళ్ళకు ఇంటిల్లిపాదీ మాటలు టేపురికార్డరులో పట్టి, ఆ క్యాసెట్టు వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపడం మనవైపు ఓ రివాజు. ఆవకాయ జాడీ, పూతరేకులు, వాటి మధ్యలో ఓ క్యాసెట్టు. అత్తగారు గేదె ఈనిన సంగతి చెప్పారు, నేను సిగ్గుపడుతూ రెండు మాటలు చెప్పాను. పిల్ల వంతు వచ్చేసరికి టీవీ గొంతు తగ్గించి ఉడుతను పెట్టాం. అది ఆగినచోటల్లా పిల్ల పలికింది. ఒక వైపంతా అలాగే నింపాం. వసారాలో అందరూ భేషన్నారు. మా వారి ఫోటో ఒక్కటి చేతికిచ్చి నాన్న అని నేర్పించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

మస్కట్‌లో మా వారి గదిలోని పదిమందీ చుట్టూ కూర్చుని ఆ క్యాసెట్టు విన్నారట. నీ కూతురు కలెక్టరవుతుందిరా అన్నారట. ఆ శుక్రవారం ఫోనులో ఇదంతా చెప్పి, మా వారు, అన్నీ చెప్పింది గాని నన్ను పిలవలేదేమే అన్నారు. నిద్ర లేచిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన వెంటనే సెలవు పెట్టుకున్నారు. వచ్చేలోగా నేను ఆయన ఫోటో చూపించి నాన్న అని నేర్పాను, ఫాదర్ అన్నది ఉడుత నేర్పింది.

వచ్చిన రోజు వీధంతా మా గుమ్మంలోనే ఉంది. ఆయన టాక్సీ దిగి, పెట్టెలు అక్కడే వదిలేసి, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఇది ఆయన్ను ఎగాదిగా చూసి, వేలు పెట్టి చూపిస్తూ, "నాన్న. ఫాదర్" అంది. అని, తరవాతి బొమ్మ ఏదన్నట్టు పక్కకు చూసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనా నవ్వారు గాని, ఆ నవ్వు చూడలేక నేను కాఫీ వంకతో లోపలికి వెళ్ళిపోయాను.

ఉన్న రెండు నెలలూ ఆయన వేరే పని పెట్టుకోలేదు. సీడీ మానిపించలేదు, పక్కనే కూర్చుని తనూ చూసేవారు, ఉడుత కంటే ముందే తప్పు పేరు చెప్పి పిల్ల చేత దెబ్బలు తినేవారు. సాయంత్రం సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని కాలవగట్టు వెంట తిప్పుతూ నోరు మూయకుండా మాట్లాడేవారు. ఈ లోగా అమలాపురం బడిలో టీచరమ్మ బొమ్మలు చూపించి పేర్లడిగితే, మా పిల్ల రెండు భాషల్లోనూ గడగడా చెప్పి సీటు తెచ్చుకుంది. ఉడుత రుణం ఉంచుకోకూడదు, ఆ మాటకు ఆ మాటే. అయినా నా దిగులు నాకుంది. పిల్ల ఎవరినీ పిలవలేదింకా.

ఆయన తిరుగు ప్రయాణానికి రావులపాలెం సెంటరులో హైదరాబాదు బస్సు ఎక్కించడానికి వెళ్ళాం. లారీల్లోకి అరటిగెలలు ఎక్కిస్తున్నారు. పిల్ల తండ్రి భుజం మీదినుంచి చూస్తూ అరటిపండు, బనానా అంది. బస్సు వచ్చింది. ఆయన పిల్లను నా చేతికి ఇవ్వబోతే అది చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుంది.

"నాన్నా, ఎల్లొద్దు. నాన్నా, నువ్వు ఎల్లొద్దు."

కండక్టరు తొందరపెడుతున్నాడు. ఆయన నా వంక చూశారు. ఆ వేళ్ళను ఒక్కొక్కటే నేనే విడదీశాను.

ఇప్పటి పిల్లలకు నాన్న ఏ దేశంలో ఉన్నా అన్నం తినే వేళకు ఫోనులో కనిపిస్తాడు, మాట్లాడతాడు. తల్లులకు ఏ బొమ్మలు ఎంతసేపు చూపించాలో చెప్పేవాళ్ళూ ఎందరో ఉన్నారు. మాకు ఎవరూ లేరు. వసకొమ్ములూ మొక్కులూ వీధి పంచాయితీలూ తప్ప. పిల్ల ఒక్క మాట తనంతట తాను మాట్లాడితే చాలునని ఏడాది పొడుగునా కనబడిన దేవుడికల్లా దణ్ణం పెట్టుకున్నాను. తీరా ఆ మాట వచ్చిన రోజున, అమ్మ కడుపు చల్లగా, కాసేపు నోరు మూసుకుంటే బాగుండును దేవుడా అని దణ్ణం పెట్టుకున్నదాన్నీ నేనే.