సన్న రైఫిల్, బరువు బుల్లెట్

అక్టోబరు మూడో తేదీ, ఉదయం పది నలభై. మా చిన్న విమానం హడ్సన్ బే ఒడ్డున గులకరాళ్ళ రన్‌వే మీద దిగింది. మైనస్ ఆరు డిగ్రీలు. వాయవ్యం నుంచి గాలి. కనుచూపు మేర చెట్టు అన్నది లేదు. బూడిదరంగు రాళ్ళు, పల్చటి మంచు, ఇంకా గడ్డకట్టని సముద్రం. రాడార్ స్తంభం ఒకటి, ప్లైవుడ్ గదులు నాలుగు, వరసగా పేర్చిన డీజిల్ పీపాలు. ముప్ఫై నాలుగు రోజుల పాటు మా పోస్టింగు అది.

నేను రిజర్వు సైన్యంలో సార్జెంటుని, ఆయుధాల టెక్నీషియన్‌ని. వారమంతా రెజైనాలో ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. శనాదివారాలు, సెలవులు సైన్యానికి. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఎత్తు ఐదడుగులు, బరువు నలభై తొమ్మిది కిలోలు. తర్వాత జరిగినదానికి ఈ రెండు అంకెలతో సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నాను.

క్యాంపులో ఆరుగురం. లెఫ్టినెంట్ ఓక్‌విల్ ఊరి కుర్రవాడు, మా కమాండర్. రేడియో ఆపరేటర్, జనరేటర్ మెకానిక్, వంటవాడు, నేను. ఆరో మనిషి అక్కడి ఇన్యూట్ ఆదివాసి గైడ్. అరవై దాటిన ఆవిడ, నాకంటే కొంచెమే పొడుగు. ఆవిడ ఊరు దక్షిణాన నలభై ఎనిమిది కిలోమీటర్లు.

వంటవాడిది బ్రిటిష్ కొలంబియా. పుట్టింది ఫిజీలో. ముత్తాతలు చెరుకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు. డ్యూటీలో ఇంగ్లీషే మాట్లాడేవాడు. వడ్డించేటప్పుడు మాత్రం నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు బయటికి తీసేవాడు. మొదటి రోజు నా పళ్ళెంలోకి తొంగిచూసి, “ఇంత బువ్వే తింటావా అక్కా? గాలొస్తే నిన్ను తాడేసి కట్టుకోవాల” అన్నాడు.

అక్టోబరులో తెల్ల ఎలుగులు ఒడ్డుకు చేరతాయి. సముద్రం గడ్డకడితే మంచు మీదికి వెళ్ళి సీల్ జంతువులను వేటాడుకోవాలని కాచుకుని ఉంటాయి. నెలల తరబడి సరైన తిండి ఉండదు. మా వంటగది వాసన వాటికి చాలా దూరం వెళ్తుంది. అందుకని లెఫ్టినెంట్ మొదటి ఆర్డరు: ఎవరూ ఒంటరిగా బయటికి వెళ్ళకూడదు, వెంట రైఫిల్ పట్టుకుని కాపలా ఉండాలి. అందరికంటే ఎక్కువ బయటికి వెళ్ళేది వంటవాడు. వంటగది చెత్తను రోజుకు రెండుసార్లు డెబ్బై మీటర్ల అవతల ఇనప పీపాలో కాల్చిరావాలి. అంటే రోజుకు రెండుసార్లు అతని ప్రాణం ఒక రైఫిల్ చేతిలో ఉంటుంది.

సైన్యం మాతో పంపిన ఎలుగు రైఫిల్ ఒకటే. తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల గొట్టం, పంతొమ్మిది గ్రాముల బుల్లెట్. పేలిస్తే భుజం మీద సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. గైడ్ తన సొంత రైఫిల్ తెచ్చుకుంది. ఆరున్నర మిల్లీమీటర్లది. చెక్క అరిగి నల్లబడింది. గొట్టంలో మాత్రం మచ్చ లేదు.

లెఫ్టినెంట్ దాన్ని చూసి, కుందేళ్ళ వేటకు వచ్చామా అని అడిగాడు. గైడ్ జేబులోంచి తూటా తీసి నా చేతిలో పెట్టింది. సన్నగా ఉంది గాని బుల్లెట్ బాగా పొడుగు. తూచాను. పది పాయింట్ నాలుగు గ్రాములు. అంత సన్న గొట్టానికి చాలా బరువు.

నిజానికి నాకూ నమ్మకం కలగలేదు. పెద్ద జంతువుకు పెద్ద రంధ్రం కావాలనే నేనూ అనుకునేదాన్ని. గొట్టం లోపలి మెలికలు కొలిచాను. అవి దగ్గర దగ్గరగా ఉంటేనే పొడుగు బుల్లెట్ బొంగరంలా నిలకడగా తిరుగుతూ పోతుంది, లేకపోతే గాల్లో పల్టీలు కొడుతుంది. ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు. సరిపోయింది. అయినా నమ్మకం చాలలేదు. కాపలాకు దీన్ని వాడొచ్చా అని లెఫ్టినెంట్ పైఆఫీసును రేడియోలో అడిగాడు. ఆయుధాల టెక్నీషియన్ పరీక్షించి సంతకం పెడితే సరేనన్నారు. ఆ టెక్నీషియన్ని నేనే.

అక్టోబరు ఐదున పరీక్ష పెట్టాను. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలను చెరువు నీళ్ళతో నింపి ఒకదాని వెనక ఒకటి పేర్చాం. ముందు గైడ్ రైఫిల్‌తోనే తేలిక బుల్లెట్ కాల్చాను. ఆవిడ నక్కల కోసం తెచ్చుకున్నది, ఆరున్నర గ్రాములు. మొదటి డబ్బా పగిలిపోయింది. మా మెకానిక్ చప్పట్లు కొట్టాడు. చూస్తే బుల్లెట్ ముక్కలు ముక్కలై రెండో డబ్బాలోనే ఆగిపోయింది. తర్వాత బరువుది కాల్చాను. చప్పుడు తక్కువ, చిమ్మిన నీళ్ళూ తక్కువే. బుల్లెట్ నాలుగో డబ్బా అడుగున దొరికింది, ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుని, ఒంటి ముక్కగా. పెద్ద రైఫిల్ బుల్లెట్ ఐదో డబ్బాలో దొరికింది. తేడా ఒక్క డబ్బా.

తర్వాత మనుషులకు పరీక్ష. గైడ్ కాక ఐదుగురం. పళ్ళెమంత ఇనప రేకు, పాతిక మీటర్ల దూరం, రైఫిల్‌కు ఐదేసి తూటాలు. పెద్ద రైఫిల్‌తో ఇరవై అయిదింటిలో తొమ్మిది తగిలాయి. చిన్నదానితో ఇరవై రెండు.

కారణం అందరికీ కనబడేలా చేయడానికి మాకొక పాత పద్ధతి ఉంది. దెబ్బ గట్టిగా ఉండే తుపాకీ అయితే, ట్రిగ్గర్ నొక్కబోయే ముందే ఒళ్ళు బిగుసుకుంటుంది. కళ్ళు మూసుకుంటాయి. గొట్టం కిందికి వంగుతుంది. పేలిన చప్పుడులో ఇదంతా ఎవరికీ తెలియదు. అందుకని, కాల్చే మనిషికి చెప్పకుండా మధ్యలో మందు లేని ఉత్తి తూటా ఒకటి పెడతాం. అది పేలదు. గొట్టం వంగడం మాత్రం అందరూ చూస్తారు. లెఫ్టినెంట్‌కు అలా పెట్టాను. గొట్టం జానెడు దిగింది. అతను నవ్వేసి, “ఇప్పుడు మీ వంతు సార్జెంట్” అన్నాడు.

ఇరవై రెండేళ్ళు రైఫిళ్ళు విప్పి బిగించిన మనిషిని. నా గొట్టం మోకాళ్ళ దాకా దిగింది. రేడియో ఆపరేటర్ నవ్వలేక కింద కూర్చున్నాడు. వంటవాడు మాత్రం తెలుగులో, “ఎలుగు పాదాలకి దండం పెడతన్నావా అక్కా?” అన్నాడు. గైడ్‌కు భాష అర్థం కాకపోయినా నవ్వింది. పెద్ద రైఫిల్‌తో నా లెక్క ఐదుకు ఒకటి. చిన్నదానితో ఐదుకు ఐదు.

సంతకం పెట్టాను. బరువు బుల్లెట్‌తో మాత్రమే అని రాసి కింద గీత గీశాను. తేలిక తూటాల డబ్బాకు తాళం వేశాను. కాపలాకు వెళ్ళే మనిషి తన ఇష్టం వచ్చిన రైఫిల్ తీసుకోవచ్చని లెఫ్టినెంట్ ఆర్డరు మార్చాడు.

ఆ తర్వాత గైడ్ నాకు నేర్పింది ఒకటే విషయం, అదీ బొగ్గుతో ప్లైవుడ్ మీద ఎలుగు బొమ్మ గీసి. ఎదురుగా ఉంటే కాల్చొద్దు, పుర్రె ఏటవాలుగా ఉంటుంది, బుల్లెట్ జారిపోతుంది. పక్కకు తిరిగేదాకా ఆగు. ముందుకాలి మీద, భుజం దగ్గర. “పొడుగు బుల్లెట్ అవతలి భుజం దాకా వెళ్తుంది. నువ్వు ఆగగలిగితే” అంది.

అక్టోబరు ఇరవై మూడున ఆవిడ పంటి నొప్పితో తన ఊరికి వెళ్ళింది. రైఫిల్ నాకు అప్పగించింది.

ఇరవై నాలుగో తేదీ. పొద్దున జనరేటర్ గది వెనక మంచులో కొత్త అడుగులు కనిపించాయి. నా బూటు అందులో పెడితే ఇంకా చోటు మిగిలింది. మధ్యాహ్నం రెండు గంటలకు వంటవాడి వెంట కాపలాకు బయల్దేరుతూ చిన్న రైఫిల్ అందుకున్నాను. లెఫ్టినెంట్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఇవాళ పెద్దది తీసుకోండి.”

“దానితో నాకు ఐదుకు ఒకటి తగులుతుంది సార్.”

అతను రెండు రైఫిళ్ళ వైపూ చూశాడు. “ఆర్డరు కాదు. అడుగుతున్నాను.”

“దీనితో ఐదుకు ఐదు.”

“సరే” అని పక్కకు తప్పుకున్నాడు. అతని మొహం చూస్తే, ఆ సంతకం పెట్టింది తనే అయినట్టు ఉంది.

చెత్త కాల్చే పీపాకు ఇటువైపు చిన్న గుట్ట ఉంది. దానిమీద నిలబడితే చుట్టూ కనబడుతుంది, ఒక్క డీజిల్ పీపాల వరస వెనక తప్ప. ఎలుగు అక్కడి నుంచే వచ్చింది. రెండుంపావు అయింది. వంటవాడికి పన్నెండు మీటర్లు, నాకు ముప్ఫై. పరుగెత్తడం లేదు, నడుస్తోంది. తెల్లగా లేదు, పాత నెయ్యి రంగులో ఉంది. తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి.

అరిచాను. బెదరగొట్టే ఫ్లేర్ పేల్చాను. ఎర్రమంట దాని ముందే పడింది. ఒకసారి వాసన చూసి, దాని పక్క నుంచే నడిచింది. వంటవాడు ఒకదాని మీద ఒకటి రెండంతస్తులుగా పేర్చిన డీజిల్ పీపాల మీదికి ఎక్కాడు. ఎలుగు వెనక కాళ్ళ మీద లేచి ముందు పాదాలు పై పీపాకు ఆనించింది. నాకు దాని వీపు కనబడుతోంది. దాని తలకు సరిగ్గా పైన అతను. కాలిస్తే అతనూ, డీజిలూ ఒకే వరసలో ఉన్నాయి.

“అక్కా, కాల్చు.”

అతను ఇంగ్లీషు వదిలేశాడు. నేను గుట్ట దిగి ఎడమకు నడిచాను.

“కాళ్ళు పైకి లాక్కో” అన్నాను.

“కాల్చక్కా, దండం పెడతా.”

ఎలుగు పాదం విసిరింది. అతని బూటు ఊడి కింద పడింది. అది నాలుగు కాళ్ళ మీదికి దిగి, బూటు నోట కరుచుకుంది. వదిలేసింది. పీపాల చివరనుంచి పైకి దారి ఉందేమోనని చుట్టూ తిరగబోయింది. అప్పుడు పూర్తిగా పక్కకు తిరిగింది. దాని వెనక ఇప్పుడు సముద్రం తప్ప ఏమీ లేదు. భుజం చూశాను. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నా కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

ముందుకాళ్ళు రెండూ ఒకేసారి మడతపడ్డాయి. అక్కడే పడింది. నియమం ప్రకారం ఇంకొకటి కాల్చాను. అది అవసరం లేకపోయిందని తర్వాత తెలిసింది.

నడుముకున్న రేడియోలో లెఫ్టినెంట్ గొంతు. “కాపలా, చెప్పండి. ఎవరికైనా?”

“ఎవరికీ ఏమీ కాలేదు. ఎలుగు పడిపోయింది.”

“ఇంకోసారి చెప్పండి” అన్నాడు. ఇంకోసారి చెప్పాను. మూడోసారి కూడా అడిగాడు. వినబడక కాదు.

వంటవాడిని దింపడానికి మెకానిక్ నిచ్చెన తెచ్చాడు. కిందికొచ్చాక నా ఎదుట నిలబడి, పళ్ళు టకటకలాడుతుంటే అడిగాడు. “ఎందుకు ఆగినావక్కా అంతసేపు?”

“పక్కకి తిరగాలి కదా.”

“అదెవరు? నేనా, ఎలుగా?”

“ఇద్దరూనూ” అన్నాను. అప్పుడు నవ్వాడు, మధ్యలో ఏడ్చాడు. నేను రైఫిల్ ఖాళీ చేసి, తూటాలు లెక్కపెట్టి, అప్పుడు కూర్చున్నాను. ఎన్నేళ్ళుగానో మోస్తున్న మూటను ఎవరో దించినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది.

మర్నాడు గైడ్ తన తమ్ముడితో, మేనకోడలితో వచ్చింది. దవడ ఇంకా వాచే ఉంది. ముగ్గురూ ఎలుగును ఒలిచారు. ముసలిది, పళ్ళు అరిగిపోయాయి. గైడ్ చెయ్యి లోపలికి పోనిచ్చి, అవతలి భుజం తోలు కింద నుంచి బుల్లెట్ తీసింది. దాన్ని మంచులో తుడిచి నా చేతిలో పెట్టింది. “ఆగావు” అంది. అంతే అంది.

మాంసం, తోలు వాళ్ళ ఊరికి వెళ్ళాయి. వ్యర్థం కాలేదు. కాని ఆత్మరక్షణకు చంపిన ఎలుగును కూడా ఆ ఊరి వేట వాటాలోంచే తగ్గిస్తారు. ఆ ఏడు మిగిలిన ఒక్క అనుమతి ఆవిడ తమ్ముడిది. అతను చాలాకాలంగా తన వంతు కోసం చూస్తున్నాడట. నేను క్షమించమన్నాను. అతను వంటవాడి వైపు చూసి, “వాడు బాగా వండుతాడా?” అని అడిగాడు. పర్వాలేదన్నాను. “అయితే సరే” అన్నాడు. ఆ సాయంత్రం వంటవాడు ఆ ముగ్గురికీ వడ్డించిన కూర నేను తిన్నవాటన్నిటిలోకీ మంచిది.

నవంబరు ఐదున క్యాంపు వదిలాం. ఆ పొద్దున సముద్రం గడ్డకట్టింది. రెజైనా విమానాశ్రయంలో మావారు నా సంచీ అందుకున్నారు. అమ్మాయి ఏమైనా చూశావా అని ఇంగ్లీషులో అడిగింది. ఒక ఎలుగుని చూశానన్నాను. ఇప్పటికీ తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో పిల్లలు అడుగుతుంటారు, “ఆంటీ, అంత చిన్న తుపాకీతో ఎలా చంపారు?” అని. బుల్లెట్ బరువైనది, నేను తేలికైనదాన్ని, ఆ రైఫిల్ ఇద్దరికీ సరిపోయింది అని చెబుతాను.

వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. ఎలుగు నా కలలోకి రాదు. పీపా మీద ముడుచుకున్న ఒక పాదం వస్తుంది. ఎర్ర ఊలు మేజోడు, బొటనవేలి దగ్గర చిన్న చిల్లు. ఆ చిల్లులోంచి వేలు కదులుతూ ఉంటుంది.

పోయినవి: ముసలి ఎలుగు ఒకటి. గైడ్ తమ్ముడి ఆ ఏటి వేట. తూటాలు రెండు, ఫ్లేరు ఒకటి. ఎడమకాలి బూటు. బుల్లెట్‌లో సీసం, ఒకటి పాయింట్ మూడు గ్రాములు. మనుషులు, ఎవరూ లేరు.