నాలుగు రోజుల డ్రైవరు

కొత్త బండితో వచ్చిన చిక్కల్లా అది చప్పుడు చెయ్యకపోవడమే. కొన్నవాళ్లకు అదే గొప్ప. నడిపేవాడికి మాత్రం అందులో కూర్చుని గొంతు సవరించుకోవాలన్నా భయమే.

లాయరమ్మగారి పాత డీజిలు బండి అలా ఉండేది కాదు. తాళం తిప్పితే వీధి చివర కుక్క లేచేది. ఆ రొదలో డ్రైవరు ఎన్ని మాటలు అనేశాడో లెక్కలేదు. "ఇవాళ కాస్త తొందరగా వెళ్తానమ్మా" అని గేరు మారుస్తూ అనేవాడు. ఆవిడకు వినబడితే "సరే" అనేది. వినబడకపోతే ఆ మాట ఇంజను చప్పుడులో కలిసిపోయేది, ఎవరి పరువుకూ నష్టం ఉండేది కాదు.

కొత్తదాని సంగతి వేరు. అద్దాలు రెండేసి పొరలు, తలుపుల చుట్టూ మెత్తటి రబ్బరు. పైగా బండి కదిలేటప్పుడు పెట్రోలు ఇంజను అసలు నిద్రే లేవదు, కరెంటు మోటారు లాక్కుపోతుంది. వెనక సీట్లో ఆవిడ కాగితం తిప్పితే ఇతనికి వినిపిస్తుంది. ఇతని కడుపులో పేగులు అరిస్తే ఆవిడకు వినిపిస్తుంది. "తినలేదా ఏమయ్యా" అని ఒకసారి అడిగింది కూడా. దానికి తోడు బండి ధరలో పెద్దదే గాని కొలతలో చిన్నది. ఆవిడేమో పొడుగుమనిషి. మోకాళ్లు ఇతని సీటు వీపుకు ఆనుకునే ఉంటాయి, ఆవిడ కాలు కదిపితే ఇతని నడుముకు తెలుస్తుంది. ఇంత దగ్గరగా కూర్చున్న మనిషితో "నేను మానేస్తానమ్మా" అనే ఒక్క ముక్క అనలేక రెండు నెలలుగా అతను మింగలేక కక్కలేక తిరుగుతున్నాడు.

అసలతను చేరిందే నాలుగు రోజులకని. అప్పట్లో లారీ నడిపేవాడు. తోటి డ్రైవర్లు ఇప్పటికీ అతన్ని లారీ అనే పిలుస్తారు. ఒకనాడు ఎవడో సైకిలు మనిషిని గుద్దేసి పారిపోతే, చూసి ఆగిన పాపానికి ఆ కేసు ఇతని మెడకు చుట్టుకుంది. లాయరమ్మగారే వాదించి బయటపడేసింది. తీర్పు వచ్చిన రోజు కోర్టు మెట్ల మీద చేతులు కట్టుకుని "మీకు నేనేం చెయ్యగలనమ్మా" అన్నాడు. ఆవిడ ఫైళ్లు సర్దుకుంటూ "మా డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేశాడు. ఎవరైనా దొరికేదాకా ఓ నాలుగు రోజులు రా" అంది. ఇరవై ఏళ్లయింది. ఎవరూ దొరకలేదు. వెతికినట్టు కూడా లేదు.

ఆవిడ చెడ్డమనిషైతే బాగుండేది. ఏనాడో చెప్పేసి పోయేవాడు. చిన్నప్పుడు అతని కూతురికి ఒళ్లు బాగులేకపోతే ఆవిడే డాక్టరుకు ఫోను చేసేది, అతనికి కళ్లజోడు కావాలని అతనికంటే ముందు ఆవిడే కనిపెట్టింది. అతనూ తక్కువ తినలేదు. ఆవిడ కేసు ఓడిపోయిన రోజు ఒక్క మాట అడక్కుండా బండిని చెరువు పక్క చుట్టుదారి పట్టించేవాడు. ఆ దారి ఆవిడకు ఓదార్పని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ పైకి అనలేదు. తిట్టే యజమాని దగ్గర్నుంచి పారిపోవచ్చు. జైలు తప్పించిన మనిషి దగ్గర్నుంచి ఏ మొహం పెట్టుకుని పారిపోతాం?

బండి తెచ్చుకున్న రోజున షోరూములో ఒక అమ్మాయి దాని గుట్టంతా విప్పి చెప్పింది. ముందు పెట్రోలు ఇంజను, దాని పక్కనే కరెంటు మోటార్లు, వాటి మధ్య పళ్లచక్రాల గుత్తి. ఇంజను ఎంత లాగాలి, మోటారు ఎంత లాగాలి అన్నది ఆ గుత్తి క్షణక్షణం పంచిపెడుతుందట. వెనక సీటు కింద పెద్ద బ్యాటరీ. బ్రేకు తొక్కినప్పుడు మామూలు బండిలో వేడిగా పోయే ఊపు, ఇందులో కరెంటై తిరిగి ఆ బ్యాటరీలోకి చేరుతుంది. క్లచ్చు లేదు, గేర్లు మార్చే పని లేదు. మొదటి నెలంతా ఇతని ఎడమకాలు లేని క్లచ్చును వెతుక్కుంటూనే ఉంది.

"ఇంకొకటి గుర్తుపెట్టుకోండి బాబాయ్" అంది ఆ అమ్మాయి. "తలుపులు కూడా కరెంటువే. ఈ మీట నొక్కితే తెరుచుకుంటాయి. డిక్కీలో మామూలు చిన్న బ్యాటరీ ఉంది చూడండి, తలుపులకీ తెరలకీ అదే ఆధారం. అది చచ్చిందంటే పెద్దది నిండుగా ఉన్నా బండి లేవదు."

"పెద్దాయన ఇంట్లోనే ఉన్నా తాళంచెవులు చిన్నోడి దగ్గరున్నాయన్నమాట" అన్నాడతను. ఆ అమ్మాయి నవ్వింది. లాయరమ్మగారు పక్కన నిలబడి ఫోను చూసుకుంటోంది.

"అలాంటప్పుడు నొక్కకండి, ఇదే మీటని గట్టిగా రెండుసార్లు లాగండి. లోపల తీగ ఉంది, దానంతటదే ఊడుతుంది. ముందూ వెనకా అన్ని తలుపులకీ అంతే." అతను లాగి చూశాడు. మొదటిసారి టక్కుమంది, రెండోసారికి తలుపు వచ్చింది.

ఇక ఇంటి సంగతి. అతని భార్య రెండు నెలల కిందట వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లింది. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి బట్టలు కుట్టే షాపు తెరిచారు. అక్కడే ఇతనికి బడి వ్యాను నడిపే పని కూడా సిద్ధంగా ఉంది. సాయంత్రం కాగానే ఫోను.

"చెప్పావా?"

"రేపు చెప్తా."

మొదట్లో తిట్టేది. ఆమె తిట్లు అతనికి కొత్త కాదు, అన్నంలో ఉప్పులాంటివి. కానీ మొన్న గొంతు పెంచకుండా "ఈ ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నేనిక అడగను" అంది. అడగను అన్న ఆ మాట విన్నాక అతను కంచం పక్కకు జరిపేశాడు. ఖాళీ ఇంట్లో కుట్టుమిషను ఉండే మూల చూస్తూ కూర్చున్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే తనే.

మర్నాడే ఒక ఉపాయం తట్టింది. ఈ బండి నోరు తెరిచే చోటు ఊళ్లో ఒక్కటే ఉంది, ఫ్లైఓవరు ఎత్తు. మామూలు రోడ్డు మీద పెద్దింటి కోడలిలా ఉండే బండి, ఎత్తెక్కేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఒకటే గొంతుతో గీపెడుతుంది. గేర్లు లేవు కాబట్టి ఆ స్వరం పెరగదు, తగ్గదు. ఆ గోలలో మాట అనేస్తే పాతరోజుల్లోలాగే ఉంటుంది కదా అనుకున్నాడు.

ఎత్తు మొదట్లోనే తొక్కాడు. మోటారు వెంటనే తోసింది, ఆ వెనకే ఇంజను లేచి అరవడం మొదలుపెట్టింది. ఇద్దరూ సీట్లకు అతుక్కుపోయారు. అతను గొంతు సవరించుకుని "అమ్మా, నేనూ" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో వాయిదా గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. ఒక్క క్షణం ఫోను పక్కకు జరిపి "ఎందుకయ్యా అంత తొందర, మెల్లగా పోనీ" అంది. అతను కాలు తీశాడు. ఇంజను ఠక్కున ఆగిపోయింది. దిగువకు వెళ్తుంటే బండి బుద్ధిగా బ్యాటరీ నింపుకుంది. నోట్లోని మాట మళ్లీ లోపలికే పోయింది.

ఆలోచించి చూస్తే ఇలా జరగడం మొదటిసారి కాదు. అతను గొంతు సవరించుకున్నప్పుడల్లా ఆవిడకు ఫోను పని పడుతూనే ఉంది. తన ఖర్మ అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ ఒక పెద్ద కంపెనీ భవనంలో మాట్లాడే పనిమీద పైకి వెళ్లింది. అతను నేలకింద రెండో అంతస్తులో బండి పెట్టి కూర్చున్నాడు. రేపే ఆదివారం. ఇవాళ చెప్పకపోతే ఇక లేదు. చెప్పాల్సింది ముందే వల్లించుకుంటే తడబడకుండా ఉంటుందని రేడియో సన్నగా పెట్టుకుని, అద్దంలో ఖాళీ వెనక సీటును చూస్తూ మొదలుపెట్టాడు. "మీ దయవల్ల ఇన్నాళ్లూ" అని ఒకసారి. బాగోలేదు. "మీకు తెలియనిదేముందమ్మా" అని ఇంకోసారి. అదీ బాగోలేదు. లోపలి దీపం వేసుకుని, ఏసీ గాలి రావట్లేదని కిందామీదా పడి, అలా చాలాసేపు వల్లించాడు.

అక్కడే పొరపాటు పడ్డాడు. బ్రేకు మీద కాలు పెట్టి బటను నొక్కితే తెర మీద పచ్చగా రెడీ అని పడుతుంది, అప్పుడే బండి లేచినట్టు. కాలు పెట్టకుండా నొక్కితే రేడియో, దీపాలు మాత్రమే వెలుగుతాయి, పాపం చిన్న బ్యాటరీ ఒక్కటే అన్నీ మోస్తుంది. డీజిలు బండిలో అయితే ఇంజను ఆగి ఉందో లేదో చెవికే తెలిసేది. ఈ బండి లేచినా అంతే మౌనం, లేవకపోయినా అంతే మౌనం. వల్లించుకునే ధ్యాసలో అతను పచ్చక్షరాలు చూసుకోలేదు.

ఆవిడ వచ్చి కూర్చుని తలుపు వేసుకుంది. అతను బ్రేకు తొక్కి బటను నొక్కాడు. తెర రెప్పలార్పినట్టు మెరిసింది, ఎక్కడో టకటకమంది, అన్నీ ఆరిపోయాయి. మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. అద్దం దిగదు, హారను మోగదు. ఇద్దరి ఫోన్లలోనూ సిగ్నలు లేదు. బయట దూరంగా ఒక ట్యూబులైటు తప్ప మనిషి జాడ లేదు.

"ఏమైందయ్యా?"

"చిన్న బ్యాటరీ దిగిపోయిందమ్మా. నాదే తప్పు. చూసుకోకుండా రేడియో పెట్టుకు కూర్చున్నాను."

"మరి తలుపులు?"

"అవీ కరెంటువే కదమ్మా."

ఇందులో అబద్ధం లేదు. సగం నిజం ఉంది. ఇరవై ఏళ్లలో ఆవిడకు సగం చెప్పడం ఇదే మొదలు. అతని చెయ్యి మీట మీదే ఉంది. రెండుసార్లు లాగితే అయిపోతుంది, ఆవిడ లిఫ్టు వైపు, తను మెకానిక్కు కోసం పైకి, మాట ఎప్పట్లాగే లోపలికి. అతను చెయ్యి తీసేశాడు. వెనక ఎక్కడో టక్కుమని ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి చిన్న చప్పుళ్లు వినబడ్డాయి. బండి కొనప్రాణం పోతున్నట్టుంది అనుకున్నాడు.

గొంతు సవరించుకున్నాడు. వల్లించిందంతా గాలికి పోయింది.

"నేను మానేస్తానమ్మా."

వీపుకు ఆనిన మోకాళ్లు మెల్లగా వెనక్కి జరిగాయి. లోపల గాలి వేడెక్కుతోంది.

"మీ ఆవిడ దగ్గరికా?"

"అవునమ్మా. రెండు నెలల నుంచి చెప్పాలనుకుంటున్నాను."

"తెలుసు" అంది ఆవిడ. "నువ్వు గొంతు సవరించుకున్నప్పుడల్లా నేనే ఎవరికో ఒకరికి ఫోను చేస్తున్నాను. ఆ ఫ్లైఓవరు మీద అవతల ఎవరూ లేరు. ఉత్తినే మాట్లాడాను."

మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే లాయరు, ఇతని మాట వినకుండా ఉండడానికి ఉత్త ఫోనుతో మాట్లాడిందట. అతనికి జాలేసింది, కోపమూ వచ్చింది. రెండు నెలలు ఖాళీ ఇంట్లో ఒక్కడూ వండుకు తిన్నాడు.

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే... డ్రైవరు దొరుకుతాడు. ఓడిపోయిన రోజు ఏ దారిన తీసుకెళ్లాలో వాడికి నేను నోరు తెరిచి చెప్పుకోవాలి. నా వల్ల కాదది." తర్వాత కోర్టులో మాట్లాడే గొంతుతో "సరేలే. ఎవరైనా దొరికేదాకా ఓ నాలుగు రోజులు ఉండు" అంది.

పాత బండిలో అయితే ఆ మాట చప్పుడులో కలిసి పోయేదే. ఇక్కడ పోవడానికి చోటు లేదు. అన్న మనిషికీ విన్న మనిషికీ మధ్య అలాగే ఉండిపోయింది. అతని నోటి చివర "అలాగేనమ్మా" సిద్ధంగా ఉంది. ఇరవై ఏళ్లుగా అదే వచ్చేది.

"ఆ నాలుగు రోజులు ఎప్పుడో అయిపోయాయమ్మా" అన్నాడు.

అతను మీట పట్టుకుని రెండుసార్లు లాగాడు. తలుపు తెరుచుకుంది. దిగి, అలవాటు చొప్పున చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికి వెళ్లాడు. బయటి పిడి కూడా కరెంటుదేనని అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు మీట సంగతి చెప్పాలి, తెలిసీ దాచానని ఒప్పుకోవాలి. సిగ్గుతో వంగి చూశాడు.

వెనక తలుపు అప్పటికే వేలెడు తెరిచి ఉంది. లోపలి పిడిని ఆవిడ మూసుకుపోకుండా, తెరుచుకోకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. వేళ్లు ఎర్రబడ్డాయి.

"ఎప్పుడు తీశారమ్మా?"

"తలుపులు కరెంటువే అని నువ్వన్నాక. షోరూములో నేనూ విన్నాను." అతని మొహం వైపు చూసింది. "నీకూ తెలుసుగా?"

"తెలుసమ్మా."

"దిగిపోదామనే లాగాను. ఇంతలో నువ్వు గొంతు సవరించుకున్నావు. ఈసారి దిగలేకపోయాను." పిడి వదిలి, చేతిని ఒళ్లో పెట్టుకుని రుద్దుకుంది. తర్వాత మెల్లగా దిగింది.

అతను ఆవిడ ఫైళ్ల సంచి కోసం చెయ్యి చాపాడు. ఇరవై ఏళ్లుగా లిఫ్టు దాకా దాన్ని మోసేది అతనే. ఆవిడ ఇవ్వలేదు.

"వద్దులే. రేపు బయల్దేరు. నేను తినాల్సిన తిట్లు కొన్ని బాకీ ఉన్నాయని మీ ఆవిడకి చెప్పు" అని, బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతూ, స్తంభాల మధ్య నుంచి లిఫ్టు వైపు నడిచింది. లిఫ్టు వచ్చింది. తలుపులు మూసుకున్నాయి.

అతను ఫోను తీశాడు. సిగ్నలు లేదు. భార్యకు చెప్పాలంటే పైకి వెళ్లాలి. ఎదురుగా వాలుదారి ఖాళీగా ఉంది, ఆపేవాళ్లు ఎవరూ లేరు. అయినా అతను ఆవిడ దిగిన తలుపు పట్టుకుని, ఎవరో ఇంకా దిగాల్సి ఉన్నట్టు అక్కడే నిలబడిపోయాడు.