డ్యూటీ రోజు గోలీ

బీపీ గోలీని నాలుక మీద ఆగనివ్వకుండా మింగేయాలి. నేను ఒక్క గుక్క నీళ్ళతోనే సరిపెడతాను కాబట్టి అది గొంతులో అడ్డంపడి చేదంతా అక్కడే వదులుతుంది. ఈ ఉదయం జనగామ బస్టాండులో, మొదటి ట్రిప్పుకు ముందు, ఆ చేదుకు మొహం చిట్లించగానే శాంతక్క గుర్తొచ్చింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఒంట్లో నీరు తీసే గోలీ ఇది. వేసుకుంటే గంటకోసారి బాత్‌రూమ్‌కు పరుగెత్తాలి, మానేస్తే తల దిమ్ము. బస్సు కండక్టరుకు గంటకోసారి దిగే వీలెక్కడిది? ఈ రెంటి మధ్య నలిగి నలిగి విసుగు పుట్టింది నాకు.

శాంతక్కది మరిపెడ దగ్గర ఒక తండా. కాటారం, భూపాలపల్లి మధ్య తిరిగే బస్సులో కండక్టరు. దేవరుప్పుల నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన నన్ను పని నేర్చుకోమని ఆమె వెంట పంపారు. మొదటిరోజు టికెట్ మిషన్ నా చేతిలో పెట్టి, వెంటనే తనే లాక్కుంది.

"టికెట్లు కొట్టుడు వారంల వస్తది సరితా. ముందుగాల గిది నేర్సుకో. ఈ ఊర్ల పచ్చ గేటు ఇల్లు. ముందటి ఊర్ల కిరాణం దుకాణం ఎనుక ఇల్లు. బస్సు ఆగంగనే ఉరుకుడే."

దారి పొడుగునా ఆమెకు తెలిసిన బాత్‌రూములు అవి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకు భూపాలపల్లి నుంచి మందులో, పూలో, పిల్లల నోటుపుస్తకాలో తెచ్చి కిటికీలోంచి అందించేది. తండా ఆడవాళ్ళు ఎక్కితే వాళ్ళ భాషలో నవ్వుతూ తుళ్ళుతూ మాట్లాడేది. డ్రైవరుతో మాత్రం ఒక్కనాడూ నిజం చెప్పలేదు. "జర ఆగన్నా, మా చుట్టాన్ని పలకరిచ్చొస్త" అనేది. ఊరూరా ఇన్ని చుట్టరికాలేమిటని డ్రైవరు ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేదాన్ని. అప్పటికి నాకు పాతికేళ్ళు, ఎంతసేపైనా ఆపుకోగలననుకునే వయసు.

నలభై ఐదు దాటాక ఆమెకు బీపీ వచ్చింది. గోలీ మొదలుపెట్టిన వారానికే ఆ చుట్టాలెవరూ చాలలేదు. ఒక మధ్యాహ్నం విశ్రాంతి గదిలో గొంతు తగ్గించి చెప్పింది.

"డ్యూటీ నాడు ఏస్తలేను. సెలవు నాడు రెండు ఏస్తున్న. ఇంట్లనే ఉంట గదా, ఎన్నిసార్లు పోతె ఏంది?"

నాకది గొప్ప తెలివిగా తోచింది. "మంచి పని చేసినవక్కా" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

అలా ఒక సెలవు రోజున తండాలో రెండు గోలీలు వేసుకుని, బట్టలుతికి లేవబోతూ కళ్ళు తిరిగి పడిపోయింది. సంగతి తెలిసి, రెండు రోజుల తర్వాత మహబూబాబాద్‌లో ఒక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అప్పటికి బీపీ మళ్ళీ పెరిగి ఉంది. రోజూ వేసుకుంటున్నారా అని ఆయన అడిగాడు. "ఏస్తున్న సారూ" అంది. రోజూ వేసుకున్నా బీపీ దిగడం లేదనుకుని ఆయన ఇంకా ఎక్కువ మోతాదు రాశాడు. చీటీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాం. అక్కడ ఆమె ఆగిపోయింది. పోదాం పదమని చెయ్యి లాగితే విదిలించుకుని వెనక్కి వెళ్ళింది.

"అబద్ధం చెప్పిన సారూ. నేను బస్సుల కండక్టర్ను. అంతమంది మగోళ్ళ నడుమ మాటిమాటికి ఏడికని దిగి పోవాలె? డ్యూటీ నాడు ఏస్తలేను."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఇది ముందే చెప్పాల్సిందమ్మా" అని మెల్లగా అని, వేరే గోలీ రాశాడు. దానికి పాదాలు వాచేవి. సాయంత్రానికి చెప్పుల పట్టీ పట్టేది కాదు. "కాళ్ళు బూరెలైనయి గని, ఆపుకునే తిప్పలు తప్పింది పిల్లా" అని నవ్వేది.

రిటైరు కాకముందే ఆమెకు పక్షవాతం వచ్చింది. అప్పట్లో గోలీలు మానేసినందుకేనా అంటే ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. నాకు మాత్రం దుఃఖం కంటే కోపమే ఎక్కువ. సిగ్గుపడి ఒక మనిషి ఒళ్ళు పాడుచేసుకోవడమేమిటి? తండాకు చూడటానికి వెళ్ళినప్పుడు ఆమె మాట ముద్దగా వస్తోంది. నాకూ బీపీ వచ్చిందని అప్పటికే విన్నట్టుంది.

"డ్యూటీ నాడు ఏస్తున్నవా?"

"ఏస్తున్నక్కా."

నా మొహంలోకి చూసింది. "నాకే చెప్తున్నవా?" అంది. తల దించుకున్నాను. ఆమెను చూడటం అదే ఆఖరు.

ఆ తర్వాత కూడా నేను మారిందేమీ లేదు. నిన్నా మొన్నా వేసుకోలేదు. రాత్రి నుంచి తల బరువెక్కితే భయమేసి ఈ ఉదయం వేసుకున్నాను. బస్సు బయలుదేరి పాలకుర్తి దారి పట్టిన కాసేపటికే పొత్తికడుపు బిగిసింది. నిండు బస్సు. ఏదో సాకు చెబుదామని డ్రైవరు ఐలన్న సీటు దాకా వెళ్ళాను. సాకు చెప్పబుద్ధి కాలేదు. అలసటే అయి ఉంటుంది, ధైర్యం కాదు.

"ఐలన్నా, ముందల పెట్రోల్ బంకు కాడ ఆపు. బాత్‌రూమ్‌కు పోవాలె."

ఇంజను మోతకు కాస్త గట్టిగానే అన్నాను. బస్సంతా విన్నది. "నడిమిట్ల గిదేంది?" అని వెనక ఎవరో గొణిగారు. చెవులు కాలిపోయాయి. ఐలన్న బంకు దగ్గర ఆపాడు.

దిగుతుంటే వెనకనుంచి ఒక పెద్దామె నా భుజం పట్టుకుంది.

"జర ఆగు బిడ్డా, నేను గూడ వస్త. ఎక్కినకాడి నుంచి ఆపుకుంటున్న."

ఆమె వెనుక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు దిగారు.